పదకొండో పోక

కాకినాడలో నా మొదటి తగువు ఒక ఇటుక మీద వచ్చింది.

కాపురం దిగిన మర్నాడు పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక్క మనిషి లేదు. కుళాయి దగ్గర్నుంచి మురుక్కాలవ దాకా వరసగా ఒక ఇటుక, ఒక సొట్టపోయిన సత్తుగిన్నె, సగం పగిలిన కుండ, మళ్ళీ ఒక ఇటుక. ఈ ఊళ్ళో చెత్త కూడా బారు తీరి ఉంటుందా అనుకున్నాను. మా ఊళ్ళో ఇంటి ముందే పంటకాలవ, పెరట్లో చేతిపంపు. నీళ్ళ కోసం నిలబడడం అనేది ముప్పై ఏళ్ళొచ్చినా నాకు తెలీదు. అన్నిటికంటే ముందున్న ఇటుకని కాలితో పక్కకి నెట్టి నా బిందె పెట్టుకున్నాను.

"ఏవండీ, నా ఇటుక తీసిందెవరండీ?"

ఎదురింటి గుమ్మంలో నా ఈడు ఆవిడ, తలకి తువ్వాలు చుట్టుకుని, రెండు చేతుల్లో రెండు బిందెలతో నిలబడి ఉంది.

"ఇటుక మీదాండీ? రోడ్డు మీద పడుంటే తీశాను."

"పడి లేదండీ. నిలబడి ఉంది. నాలుగింటి నుంచీ నా బదులు నిలబడి ఉంది."

"అలాగాండీ. అయితే నీళ్ళు కూడా దాన్నే మోసుకెళ్ళమనండి."

ఇదీ ఒక తగువేనా అనిపించవచ్చు మీకు. మా జిల్లాలో తగువు ఇలాగే మొదలవుతుంది, ఇలాగే ముదురుతుంది. "మీకసలు బుద్ధుందాండీ", "మీ మొహానికి మంచినీళ్ళు కూడానాండీ" అంటూ ఒక్క అండీ కూడా జారిపోకుండా పావుగంట దెబ్బలాడుకున్నాం. ఈలోగా కుళాయి వచ్చింది. గిన్నె తాలూకు వాళ్ళూ కుండ తాలూకు వాళ్ళూ వచ్చి, మమ్మల్ని చూస్తూ, నీళ్ళు పట్టుకుపోయారు. కుళాయి ఆగిపోయింది. నా బిందె ఖాళీ, ఆవిడ రెండు బిందెలూ ఖాళీ. ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

మేం కాకినాడ సరదాకి రాలేదు. తొంభై ఆరు నవంబరు తుపానులో కోనసీమలో మా కొబ్బరితోట ఒక్క సాయంత్రంలో పడుకుంది. మొదలంటా విరిగినవి కొన్ని, నిలబడే ఉన్నా మొవ్వు తిరిగిపోయినవి కొన్ని. మావారు మళ్ళీ మొక్కలు నాటించారు. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అన్నాళ్ళూ మొక్కల వంక చూస్తూ కూర్చుంటే పిల్లల కడుపు నిండదు కదా. తెలిసినవారెవరో కాకినాడలో బియ్యం ఎగుమతి చేసే ఆఫీసులో గుమాస్తా పని ఉందంటే ఒప్పుకున్నారు. మా అత్తగారు మా మరిది దగ్గర ఊళ్ళోనే ఉండిపోయింది. పట్నం నీళ్ళు పడవంది. నా నోరు కూడా పడదని నాకు తెలుసు, ఆవిడా దాచలేదు.

సామాను లారీ రావులపాలెం మీంచి చుట్టు తిరిగి వెళ్ళింది. లారీలో కూర్చున్న మావారు అక్కడి మార్కెట్టు దగ్గర ఆపించి ఒక అరటిగెల వేయించుకున్నారు, కొత్త ఇంట్లోకి ఉత్త చేతుల్తో అడుగు పెట్టకూడదని. నేనూ పిల్లలూ ఎదుర్లంక రేవులో పంటెక్కి, గోదావరి దాటి, యానాంలో బస్సు పట్టుకున్నాం. పంటు కదులుతుంటే నేను కళ్ళనీళ్ళతో వెనక ఒడ్డుని చూస్తూ నిలబడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నిజానికి నేను ఆ సమయంలో, మా కుక్కరున్న సంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషిని లేపుతున్నాను.

కాకినాడ రోడ్లు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. అందరూ అదే గొప్పంటారు. నాకు అదే చావొచ్చింది. మా ఊళ్ళో దారి వంకర తిరిగిందంటే ఫలానావారి గడ్డిమేటు దగ్గరున్నానని తెలుస్తుంది. ఇక్కడ ఏ సందు మొదట్లో నిలబడ్డా పక్క సందులానే ఉంటుంది. మొదటివారంలో ఒకరోజు కూరలకి వెళ్ళి మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాను. అదే ఆకుపచ్చ గేటు, అవే అరుగులు. లోపలికెళ్ళి సంచీ దింపి, "అబ్బ, ఎండ చంపేస్తోంది, కాసిని మంచినీళ్ళు" అన్నాను. ఎవరో పెద్దాయన వాలుకుర్చీలోంచి లేచి, లోపలికెళ్ళి, గ్లాసు తెచ్చిచ్చి, నేను తాగడం అయ్యేదాకా ఆగి, అప్పుడు అడిగాడు, "ఇంతకీ మీరెవరండీ?" అని. తాగేదాకా ఆగాడు చూశారా, ఆ ఊళ్ళో నాకు మొట్టమొదట నచ్చింది అది.

రెండోది మా ఇల్లుగలావిడ. ఈవిడ నచ్చడానికి చాలా టైము పట్టింది.

ముందు వాటాలో ఆవిడా, రిటైరైపోయి రేడియో తప్ప మరో లోకం లేని వాళ్ళాయనా. వెనక రెండు గదుల్లో మేం. మధ్యలో పెరడు, పెరట్లో నుయ్యి, నూతి పక్కన గుబురుగా ఒక గోరింటాకు చెట్టు. నేనావిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది, కోపమొస్తే ఏమ్మా అనేది. నా చెవిలో ఎక్కువగా పడింది రెండోదే. ఏమ్మా, తడి బట్టలు నా దండెం మీద వేశావేం. ఏమ్మా, చేంతాడు నూతిలో వదిలేశావు, నీళ్ళు తాగి అదే పైకొస్తుందనుకున్నావా. నేను ఊరుకునేదాన్ని కాదు. దండెం మీదైతే ఎండ కూడా మీదేనా అనేదాన్ని. ఆ నుయ్యి ఉప్పు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. "ఇలాంటి నుయ్యి పెట్టుకుని వాటా అద్దెకిచ్చారా" అంటే, "ఇలాంటి నోరు పెట్టుకుని నువ్వు అద్దెకి రాలేదూ" అనేది.

ఇటుక తగువైన రోజు సాయంత్రం ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఒక ఇటుక. పాత ప్రహరీ గోడదట. దాని మీద సున్నంతో గుండ్రంగా బొట్టు పెట్టింది.

"ఇదిగో, నీ ఇటుక. పొద్దున్న నాది పెట్టేటప్పుడు దాని వెనక ఇది పెడతాను. ఎవరూ తియ్యరు. నువ్వూ ఎవరిదీ తియ్యకు."

"బొట్టెందుకు పిన్నిగారూ?"

"నీదని తెలియాలి కదా. లేకపోతే రేపు మళ్ళీ ఇంకోడితో తగువు."

ఆ రోజు నుంచి ఆవిడ నాకు ఇంటిమనిషి. ఈ సంగతి నేను ఆవిడతో అనలేదు. ఇలాంటివి అనడం మా ఇళ్ళల్లో లేదు. రోజూ దెబ్బలాడుతూనే ఉన్నాను కదా, అంతకన్నా దగ్గరితనం ఏముంటుందనుకున్నాను.

ఇక నోము సంగతి. అట్లతద్ది నోము పెళ్ళిలో మా అమ్మ పట్టించింది. ఏటా ఆశ్వయుజ పున్నమి వెళ్ళిన మూడోనాడు పగలంతా ఉపవాసముండి, చందమామ కనిపించాక గౌరీదేవికి అట్లు నైవేద్యం పెట్టి తినాలి. ఎప్పుడో ఒక ఏడాది ఉద్యాపన చేసి తీర్చుకోవాలి. దానికి పదకొండుమంది ముత్తైదువలు కావాలి. ముందురోజు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బొట్టుపెట్టి, తలంటుకి కుంకుడుకాయలూ, చేతులకి గోరింటాకూ ఇచ్చి, అరచేతిలో ఒక పోక పెట్టి పిలవాలి. పోక అంటే వక్కే. చిన్నదే గానీ పుచ్చుకుంటే మాటిచ్చినట్టు. పోక పుచ్చుకున్నావిడ మర్నాడు మనతో పాటు పస్తుండాలి, సాయంత్రం వచ్చి పదకొండట్లు వాయనం పుచ్చుకోవాలి. మన కోసం ఒకరోజు కడుపు మాడ్చుకునే ఆడవాళ్ళు పదకొండుమంది ఉండాలన్నమాట.

నాకు ఇవన్నీ పెద్ద నమ్మకం లేదు. బియస్సీ చదివినదాన్ని. మొగుడి ఆయుష్షు కోసం పెళ్ళాం పస్తుండే బదులు మొగుడే సిగరెట్లు మానేస్తే పోలేదా అని మా అమ్మనే అడిగాను. ఏటా ఉపవాసమైతే ఉండేదాన్ని గానీ, ఉద్యాపన మాత్రం ఏదో వంకన వాయిదా పడుతూ వచ్చింది. ఒక ఏడు పురుడు, ఒక ఏడు మామగారి ఏటి సూతకం. తొంభై ఆరులో అంతా సిద్ధం చేసుకున్నాక చిన్నపిల్లకి జ్వరం తగిలింది, మానేశాను. సరిగ్గా వారం తిరిగేసరికి తుపాను.

ఆ రెంటినీ కలిపి ముడేసింది మా అత్తగారు. తోటలో పడిన చెట్ల మధ్య నిలబడి, ఎవరితోనో అంటున్నట్టు, "నోము తీర్చుకోని ఇల్లు" అంది. నాకు ఒళ్ళు మండింది. "నేను అట్లు పొయ్యకపోతే బంగాళాఖాతంలో వాయుగుండం పడుతుందా అత్తయ్యగారూ? వాతావరణ శాఖ వాళ్ళకి చెబుదాం, ఇక నుంచి మన పెనం చూసి చెబుతారు" అన్నాను. మావారు నవ్వారు. నేను నవ్వలేదు. నేనన్న మాట నిజమేనని నాకు తెలుసు. ఆవిడ అన్న మాట మాత్రం పోలేదు.

తొంభై ఏడులో అట్లతద్ది పదిరోజులుందనగా ఆవిడ ఫోన్ చేసింది. ఫోన్ పిన్నిగారి ముందుగదిలో ఉండేది. మా అత్తగారు ఫోన్లో మాట్లాడితే ఆ గదిలో అందరికీ వినిపిస్తుంది, ఎందుకంటే దూరం ఊరు కాబట్టి గట్టిగా అరవాలని ఆవిడ అభిప్రాయం.

"ఈ ఏడైనా తీర్చుకుంటావా? ఇక్కడికి రా. నేను అందరికీ చెప్పి ఉంచుతాను."

"పిల్లలకి పరీక్షలండీ. ఇక్కడే చేసుకుంటాను."

"అక్కడా? నీ నోటికి అక్కడ పదకొండుమంది ఎక్కడ దొరుకుతారే!"

నేను పిన్నిగారి వంక చూశాను. ఆవిడ పత్తి తీస్తూ, వినబడనట్టు, వత్తి చేస్తోంది. "దొరుకుతారు. పదకొండుమందీ పస్తుంటారు. చూడండి కావాలంటే" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక భయం వేసింది. ఎనిమిది నెలలైంది ఈ ఊరొచ్చి. ఎంతమందితో దెబ్బలాడానో వేళ్ళ మీద చెప్పగలను గానీ, ఎంతమందిని సంపాదించుకున్నానో అప్పటిదాకా చూసుకోలేదు.

చూసుకుంటే ఆశ్చర్యం, ఉన్నారు. మావారి ఆఫీసులో పనిచేసేవాళ్ళ భార్యలు ముగ్గురు. పిల్లల బళ్ళో టీచరమ్మ, మార్కుల దగ్గర ఆవిడతో నాకు పెద్ద వాదన అయింది, అయినా ఒప్పుకుంది. చీరలకి ఫాల్ కుట్టే ఆవిడా, వీధి చివర కాంపౌండరు గారి భార్యా. అలా ఒకరి ద్వారా ఒకరు, పదకొండూ తేలారు. ఎదురింటావిడని అనుకోను కూడా లేదు. ఇటుక పగ ఇటుకలాగే గట్టిగా ఉంది. గెల పళ్ళన్నీ ఒక్కసారే మగ్గితే వీధంతా పంచినప్పుడు కూడా ఆ గుమ్మం దాటించుకునే వెళ్ళాను.

పిన్నిగారిని పదకొండులో వెయ్యలేదు. మా వైపు ఇంట్లోవాళ్ళకి పోక ఇవ్వరు. తోడికోడలికీ ఆడపడుచుకీ బొట్టుపెట్టి పిలుస్తామా? వాళ్ళు పొయ్యి దగ్గరుండి అట్లు తిరగేస్తారు. పదకొండు మందికి పదకొండేసి, గౌరికి పదకొండు, మొత్తం నూట ముప్పై రెండట్లు. పిన్నిగారు నా పక్కన కూర్చుంటుంది, కాల్చడం రాదని నన్ను తిడుతుంది, ఇద్దరం కలిసి కానిచ్చేస్తాం. నా మనసులో అది ఎంత ఖాయమైపోయిందంటే, ఆవిడతో ఒక ముక్క అనాలని కూడా తోచలేదు.

ముందురోజు పొద్దున్న గోరింటాకు కోశాను. పిన్నిగారే కొమ్మ వంచి పట్టుకుంది. "చివుళ్ళు తుంచకు. ముదురాకు కోస్తే బాగా పండుతుంది" అని బుట్ట నిండేదాకా నిలబడింది. రుబ్బి, పదకొండు ముద్దలు చేసి, ఆకుల్లో పొట్లాలు కట్టి బయల్దేరాను. ఎండలో తిరిగి తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరితే, ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఉంది.

"అయ్యాయా పిలుపులు?"

"అయ్యాయి పిన్నిగారూ. పదకొండూ అయ్యాయి."

"అందరినీ పిలిచేశావా?"

"అందర్నీను."

"మంచిది" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కొంచెం గట్టిగా పడింది. గాలేమో అనుకున్నాను. బియస్సీ చదివానని చెప్పాను కదా, అంత తెలివి.

మర్నాడు తెల్లారి ఎనిమిదింటికి నేను పెరట్లో మినప్పప్పు కడుగుతుంటే, పిన్నిగారు వెనక వరండాలోకి కుర్చీ లాక్కుని వచ్చింది. ఎప్పుడూ లోపల తినే మనిషి, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నాలుగిడ్లీలు. నాకు ఎదురుగా కూర్చుని, అల్లప్పచ్చడి నంజుకుంటూ, తొందర లేకుండా తింది. నేను తలెత్తాను.

"ఉపవాసం లేరా పిన్నిగారూ?"

"నేనెందుకుంటానమ్మా? నన్నెవరు ఉండమన్నారు?"

అప్పుడు కూడా నాకు వెలగలేదు. పెద్దావిడ, పస్తుండలేదులే అనుకున్నాను. పిండి రుబ్బుకున్నాను. వీధి వాకిట్లో ముగ్గేసుకున్నాను. లోపల రేడియోలో వార్తలు వినిపిస్తున్నాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం, కోస్తా జిల్లాల్లో అక్కడక్కడా వర్షాలు. అక్టోబర్లో అల్పపీడనం మాకు చుట్టపుచూపుగా వచ్చేదే. అయినా నా చెయ్యి ముగ్గు గిన్నెలో అలాగే ఉండిపోయింది.

రెండు గంటలప్పుడు కాంపౌండరు గారు సైకిల్ మీద వచ్చి, దిగకుండా ఒక కాలు నేలకి ఆనించి, నా వంక చూడకుండా గేటుతో చెప్పారు.

"మా ఆవిడ ఇవాళ రాకూడదండీ. ఏమనుకోవద్దందండీ."

నాకర్థమయ్యేలోపు సందు దాటేశారు. నెలసరికి రాకూడదని ఎవడు రాశాడో వాణ్ణి పట్టుకుని అడగాలని ఉంది గానీ, ఆ రోజు నాకు తీరిక లేదు. పదిమందే మిగిలారు. పదకొండో మనిషి ఎవరైనా దొరకచ్చు, కానీ పొద్దుట్నుంచీ పస్తున్న మనిషి రెండింటికి ఎక్కడ దొరుకుతుంది?

మావారు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. "పది చాలదేంటి? రౌండుగా ఉంది" అన్నారు.

"పదకొండంటే పదకొండే."

"పోనీ నేను చీర కట్టుకోనా? పొద్దున్నుంచీ నువ్వు నాకూ ఏం పెట్టలేదు."

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ పెనం ముందు పీట మీద కూర్చున్నాను. మబ్బు పట్టి గదిలో వెలుగు తగ్గింది. కిందటేడూ ఇలాగే ఒక మబ్బు. నమ్మనిదాన్ని, వాదించేదాన్ని, వాతావరణ శాఖ అని వెటకారం చేసినదాన్ని, కొత్తగా నాటిన ఆ మొక్కలు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అక్కడ మోకాలెత్తు కూడా లేవు అవి.

"ఏమ్మా, పెనం వంక చూస్తే అట్లు పడతాయా?"

గుమ్మంలో పిన్నిగారు.

"కాంపౌండరు గారి ఆవిడ రానందండీ. ఒకరు తక్కువయ్యారు. మీరు కూడా పొద్దున్నే తినేశారు, లేకపోతే..."

"లేకపోతే? లేకపోతే నన్ను పూరించేదానివా, మాసికలాగా?" ఆవిడ రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. "చూడు. నా చెట్టు గోరింటాకు ఊళ్ళో పదకొండుమంది చేతులకి పండింది. నా చేతులు చూడు. కొమ్మ వంచి పట్టుకున్న చేతులివి. పిలుపులన్నీ అయిపోయాయన్నావు. అందర్నీ పిలిచానన్నావు. సాయంత్రందాకా అరుగు మీద కూర్చున్నాను, ఆఖర్న నా దగ్గరికి వస్తావేమోనని."

తెల్లని చేతులు.

"పిన్నిగారూ, మా వైపు ఇంటివాళ్ళకి పోక ఇవ్వరండీ. పైవాళ్ళకే ఇస్తారు. మీరు ఇంటిమనిషి, పొయ్యి దగ్గర ఉంటారు కదా అని..."

"ఎవరు చెప్పారు నాకు?"

"చెప్పాలాండీ అది?"

"ఎనిమిది నెల్ల నుంచీ నీ నోట్లో మాట ఆగడం నేను చూళ్ళేదు. దండెం గురించి చెప్పావు, నూతి గురించి చెప్పావు, మా ఆయన రేడియో గురించి చెప్పావు. చెప్పాల్సిన ఈ ఒక్క ముక్కా దాచుకున్నావా? నేను నీ ఇంటిదాన్నో పైదాన్నో ముందే చెప్పి చావొచ్చుగా!"

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో మావారికి అర్థం కాక పెరట్లోకి వెళ్ళిపోయారు. పిన్నిగారు పైట చెంగు బొడ్లో దోపి, పిండి గిన్నెలో వేలు ముంచి చూసింది.

"గట్టిగా ఉంది. నీళ్ళు పోయి. పదకొండో మనిషి ఎదురింట్లో ఉంది. ఆవిడ ఏటా నోస్తుంది. తెల్లవారుజామున లేచి చద్దన్నం తింది, అప్పట్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు. వెళ్ళి పోకివ్వు."

"నేనా?"

"కాకపోతే నేనా? ఇంటిమనిషిని కదా, నాకు పొయ్యి దగ్గర పనుంది" అని నా చేతిలోంచి అట్లకాడ లాక్కుంది.

మా గేటుకీ ఆ గేటుకీ మధ్య ఇరవై అడుగులుండవు. పంటు మీద గోదావరి దాటడం నాకంత దూరం అనిపించలేదు. కుంకంభరిణె ఒక చేతిలో, పోక ఒక చేతిలో. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని తల చిక్కు తీసుకుంటోంది. చేతులు ఎర్రగా పండి ఉన్నాయి. నన్ను చూసి దువ్వెన ఆపింది. నేనొక్కసారే అనేశాను.

"మా ఇంట్లో ఇవాళ ఉద్యాపనండీ. మీరు రావాలండీ."

"పోక నిన్న ఇవ్వాలి కదండీ?"

"ఇవ్వాలండీ."

"మరి నిన్న ఇవ్వలేదేంటండీ?"

"ఎవరో మానేస్తే వచ్చానండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిన్న మిమ్మల్ని అనుకోలేదు."

ఆవిడ దువ్వెన పక్కన పెట్టింది. "నిజం చెప్పారు, బాగుంది. మరి ఇటుక మాటేంటండీ?"

"తప్పేనండీ. తియ్యకూడదు. కానీ మీరు కూడా..."

"కానీ అక్కర్లేదండీ. తప్పేనండీ దగ్గర ఆపెయ్యండి."

ఆపేశాను. పంటి బిగువున ఆపాను. ఆవిడ జుట్టు ముడేసుకుని, లేచి నిలబడి, నుదురు ముందుకి వంచింది. బొట్టు పెట్టాను. పోక అరచేతిలో పెట్టాను. దాన్ని గుప్పిట పట్టి, "అట్లు ఎన్నయ్యాయండీ?" అంది.

"ఇంకా మొదలుపెట్టలేదండీ."

"మూడవుతోంది కదండీ! ఒక్క పెనం మీద నూట ముప్పై అట్లు ఎప్పటికవుతాయండీ? మీరు మనిషేనాండీ?" అంటూ లోపలికెళ్ళి వాళ్ళ పెనమూ కిరసనాయిలు స్టవ్వూ పట్టుకుని నా వెనకే వచ్చింది. పోక పుచ్చుకున్న ముత్తైదువ పొయ్యి దగ్గర కూర్చోకూడదని పిన్నిగారు, కూర్చుంటే ఏమవుతుందండీ అని ఆవిడా. నా వంటింట్లో నాతో పని లేకుండానే ఇద్దరూ తగువు మొదలుపెట్టారు. నేను మెల్లగా కూర్చుని పిండి కలుపుకున్నాను.

సాయంత్రానికి పదకొండుమందీ వచ్చారు. మా రెండు గదులూ చాలక పిన్నిగారి ముందువాటా తలుపులు తీశారు. పూజయ్యాక అందరం పెరట్లో నిలబడి తూర్పు వంక చూశాం. మబ్బు. ఆకలికి ఒక్కొక్కరికీ మొహాలు పీక్కుపోయాయి. టీచరమ్మ, "ఏవండీ, అంతా మబ్బుగా ఉంటే చందమామ వచ్చేసినట్టు లెక్క వేసుకోవచ్చాండీ, మార్కులు కలిపినట్టు?" అంది. ఆవిడకి మా పాత వాదన గుర్తుందన్నమాట. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎవరో "అదిగో" అన్నారు. నూతి మీదుగా, గోరింటాకు చెట్టు చివర, మబ్బు చిరుగులోంచి కాస్త ముక్క కనబడింది. ఆ ముక్క చాలు.

అల్పపీడనం ఎటో వెళ్ళిపోయింది. నా అట్లకి జడిసి పోయిందని నేనైతే అనను. మా అత్తగారు అంటుంది, ఇప్పటికీ. మర్నాడు ఫోన్లో, "పదకొండుమందీ వచ్చారా? నిజంగా?" అని మూడుసార్లు అడిగింది. నేను చెప్పేలోపు పిన్నిగారు ఫోన్ తీసుకుని, "వచ్చారండీ వదినగారూ. అట్లన్నీ నేనే పోశాను. మీ కోడలికి పిండి కలపడం కూడా రాదు" అని, అక్కడి నుంచి నా గురించి పావుగంట మాట్లాడుకున్నారు ఇద్దరూ. కొబ్బరి మొక్కలు కాపుకొచ్చాక వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాం. కాపుకొచ్చి చాలా ఏళ్ళయింది. కాయలు దింపినప్పుడల్లా మావారు వెళ్ళొస్తారు.

ఉద్యాపన మర్నాటి మధ్యాహ్నం, ఆ ఫోనయ్యాక, నేను మళ్ళీ గోరింటాకు కోశాను. ముదురాకే కోశాను. రుబ్బి గిన్నెతో తీసుకెళితే పిన్నిగారు వరండాలో కూర్చుని ఉంది.

"ఇవాళ ఏం పండగని?"

"ఏ పండగా కాదు. చేతులు చాపండి."

"పనులున్నాయే, నీళ్ళు తోడుకోవాలి."

"నేను తోడతాను. నోరు మూసుకుని చేతులు చాపండి పిన్నిగారూ."

చాపింది. రెండు అరచేతులకీ చందమామలు పెట్టి, వేళ్ళకి టోపీలు పెట్టాను. ఆ తర్వాత రెండు గంటలు ఆవిడ నా చేత చెయ్యించని పని లేదు. మంచినీళ్ళు పట్టించమంది, ముక్కు దురదపెడుతోంది గోకమంది, వాళ్ళాయన రేడియో తగ్గించి రమ్మంది. సాయంత్రం కడుక్కుని వెలుగులోకి తీసుకెళ్ళి చూసుకుంది. ముదురెరుపు, నలుపు తిరిగేంత బాగా పండింది. ఒక్కో వేలూ తిప్పి చూస్తూ ఎడంచేతి చిటికెన వేలి దగ్గర ఆగింది.

"ఈ వేలు వదిలేశావేం?"

"చూసుకోలేదండీ."

"కావాలనే వదిలేశావు."

"లేదండీ పిన్నిగారూ, ఒట్టు."

"అయితే రేపు మళ్ళీ రుబ్బు" అంది.